వార్డు ఇన్‌ఛార్జితో సంబంధం, ఆసుపత్రిపై నిబద్ధత

ప్రశ్న (వార్డు ఇన్‌ఛార్జి, విజయవాడ):
నేను ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నాలుగేళ్లుగా మెడికల్ వార్డు ఇన్‌ఛార్జిగా పనిచేస్తున్నాను. గత ఆరు నెలల్లో నా వార్డు నుంచి ముగ్గురు స్టాఫ్ నర్సులు రాజీనామా చేశారు. జీతమే కారణమని యాజమాన్యం భావిస్తోంది గానీ, అదే జీతానికి పై అంతస్తు వార్డులో ఒక్కరూ కదలలేదు. ఇకపై చేరేవారి చేత రెండేళ్ల బాండు రాయించుకోవాలని ప్రతిపాదన వచ్చింది. ఉద్యోగికి సంస్థపై ఉండే నిబద్ధతలో నావంటి ఇన్‌ఛార్జి పాత్ర నిజంగా ఎంత?

జవాబు 1 (ఆసుపత్రి నిర్వహణ అధ్యాపకుడు):
సిస్టర్ గారూ, మేయర్, అలెన్ అనే పరిశోధకులు 1991లో నిబద్ధతను మూడుగా విడదీశారు: సంస్థపై మమకారంతో ఉండిపోవడం, వెళ్తే నష్టపోతామని ఉండిపోవడం, ఉండడం తమ ధర్మమని తలచి ఉండిపోవడం. బాండు పెంచేది రెండవదానిని మాత్రమే. రాత్రి రెండు గంటలకు రోగి ఊపిరిలో చిన్న తేడా గమనించి, తిట్లు పడతాయని తెలిసినా డ్యూటీ డాక్టరును లేపడానికి బాండు చాలదు.

పై అధికారి తన కింది వారందరితో ఒకే తీరుగా ఉండడని, కొందరితో నమ్మకంగానూ మిగిలినవారితో నియమాల మేరకూ మెలగుతాడని జార్జ్ గ్రేన్, ఆయన సహచరులు 1970లలోనే చెప్పారు. నమ్మకం పొందినవారిలో మమకారం ఎక్కువని తర్వాతి అధ్యయనాలు చూపాయి. అయితే వాటిలో చాలావరకు ఉద్యోగులు ఒక్కసారి నింపిన ప్రశ్నావళులే కనుక, ఏది కారణమో ఏది ఫలితమో వాటితో తేల్చలేం.

జవాబు 2 (ప్రభుత్వ ఆసుపత్రి స్టాఫ్ నర్సు, వరంగల్):
సార్ చెప్పిన ఆ రెండు వర్గాలూ డ్యూటీ చార్టులో కనిపిస్తాయి. మా పాత వార్డులో మూడేళ్లపాటు దసరాకు ఆఫ్ దొరికినవారి పేర్లు మారలేదు. ప్రభుత్వ ఉద్యోగం కాబట్టి మేమెవరమూ రాజీనామా చేయలేదు, బదిలీల కోసం ఎదురుచూశాం. రిజిస్టరులో అందరమూ ఉన్నట్టే లెక్క.

జవాబు 3 (నర్సింగ్ ట్యూటర్, హైదరాబాద్):
భారమంతా ఇన్‌ఛార్జి మీదే మోపడం నాకు సమ్మతం కాదు. ముప్పై పడకలకు రాత్రిపూట ఇద్దరినే ఇస్తే ఎంత మంచి ఇన్‌ఛార్జి అయినా చార్టును న్యాయంగా వేయలేరు. అమెరికాలో నర్సుల కొరత ఉన్న రోజుల్లోనే వారిని నిలుపుకోగలిగిన 41 ఆసుపత్రులపై 1983లో వెలువడిన అధ్యయనం కూడా, అందుబాటులో ఉండే నర్సింగ్ అధికారులతో పాటు సరిపడా సిబ్బంది గురించీ ప్రస్తావించింది.

ప్రశ్న అడిగినవారు:
గత ఏడాది చార్టులు తీసి చూశాను. వెళ్లినవారిలో ఇద్దరికి నెలకు పది నైట్లకు తక్కువ పడలేదు, నాతో చనువుగా ఉండేవారికి ఆరు దాటలేదు. మూడో అమ్మాయి పెళ్లయి గుంటూరు వెళ్లింది, అది వేరే సంగతి. బాండు వద్దని సూపరింటెండెంటు గారికి రాసే లేఖకు ఈ చార్టులనే జతచేస్తాను. నైట్‌కు మూడో నర్సునూ అందులోనే అడుగుతాను.