"చాత్ ఫొన్ ఫై": నడిమి మాట మన బలమేనా?

కృష్ణాతీరం:
రెండు రోజులుగా ఒక ముక్క నోట్లో నానుతోంది. "... చాత్ ఫొన్ ఫై". థాయ్‌లాండ్ ప్రధాని, ఫీల్డ్ మార్షల్ పిబూన్ సొంగ్‌ఖ్రామ్ కాలపు నినాదం. ఎప్పుడో ఒక పుస్తకం అట్ట మీద పెన్సిలుతో తెలుగు అక్షరాల్లో రాసుకున్నాను. అట్ట చిరిగి మొదటి సగం పోయింది. చాత్ మన 'జాతి', ఫై మన 'భయం'. ఆ రెండింటి మీద సందేహం లేదు. నడుమనున్న ఫొన్ 'బలం' అని నా నమ్మకం. పదం చివరి లకారాన్ని వాళ్లు నకారంగా పలుకుతారు కదా. ఆయన హోదా 'చొమ్ ఫొన్'లో ఉన్నదీ ఆ బలమే. "జాతి బలమే శత్రువుకు భయం" అని అన్వయించుకున్నాను. కుదురుతుందా?

పాళీపంతులు:
లకారం నకారమవడానికి ఆయన పేరే సాక్ష్యం. అది 'విపుల సంగ్రామ'. వకారం బంగాళీలో లాగా బకారమై, చివరి ల కాస్తా న అయింది. 'విభు' అని రాసేవాళ్లున్నారు, అది పొరపాటు. థాయ్ లిపిలో ఆ రెండో హల్లు, పలకడం 'బ' అని పలికినా, మన పకారం స్థానంలో వచ్చేది, భకారం కాదు. 1928లో బిరుదుగా దక్కిన ఈ పేరే తర్వాత ఇంటిపేరయింది. కన్నవాళ్లు పెట్టిన పేరు ప్లేక్, అంటే 'వింత'. చెవులు కళ్లకంటే దిగువగా ఉన్నాయని అలా పిలిచారట. ఇక మీ అన్వయం సంగతి. అందులో 'శత్రువు' ఎక్కడినుంచి వచ్చాడు? మూలంలో లేని మాటను తెచ్చుకుంటే తప్ప అర్థం రాలేదంటే పదచ్ఛేదంలోనే ఏదో తేడా ఉంది.

బ్యాంకాక్ తెలుగమ్మాయి:
మొదటి సగం "చూఅ ఫూనామ్", నాయకుణ్ణి నమ్ము. ఇక ఫొన్ ఒకటే కాదు అన్నయ్యా. సైన్యం అనే ఫొన్ మీరన్నట్టు బలమే, దాన్ని ఎత్తూ దించూ లేకుండా పలుకుతారు. నినాదంలోది గొంతు పైకెత్తి పలికే ఫొన్. అది అచ్చ థాయ్ మాట, దాటిపోవడం, బయటపడడం అని అర్థం. "నాయకుణ్ణి నమ్మితే జాతి గట్టెక్కుతుంది." తెలుగులో రాసుకున్నప్పుడే స్వరం జారిపోయింది.

కృష్ణాతీరం:
ఒప్పుకుంటాను, కానీ సగమే. సైన్యాధిపతి పేరున ఊరంతా మోగిన మాటలో 'ఫొన్' అని వినపడితే జనానికి సైన్యం స్ఫురించదా? శ్లేష ఉండి తీరాలి.

బ్యాంకాక్ తెలుగమ్మాయి:
స్వరం మారితే ఇక్కడివాళ్లకు అది వేరే మాటే. మనకు 'కల', 'కళ' వేరైనట్టు.

గోదారిగట్టు:
ఫొన్ సంగతి అలా ఉంచండి. ఫై అంటే 'భయం' అని ఇద్దరూ తేలిగ్గా తేల్చేశారు. అక్కడ దాని అర్థం బెదురు కాదు, ఆపద. ఇది థాయివాళ్లు కొత్తగా కల్పించినదీ కాదు. ఉగాదినాడు పంచాంగ శ్రవణంలో "ఈ ఏడు అగ్నిభయం, చోరభయం" అని చదివితే ఏమని అర్థం చేసుకుంటాం? వాళ్లకూ అగ్నిప్రమాదం 'అక్ఖీఫై'. మనం పంచాంగంలో దాచుకున్న అర్థాన్ని వాళ్లు రోజూ వాడుకుంటున్నారు.

పాళీపంతులు:
బాగా పట్టారు. అయితే దీనికంటే పెద్ద విశేషం 'రాష్ట్రం'. 1932 జూన్ 24న రాజు నిరంకుశాధికారాన్ని అంతం చేసిన జట్టులో ఈయనా ఒకడు. ఆ జట్టు పేరు 'ఖనా రాత్సదొన్'. అక్షరాలా మన గణము, రాష్ట్రము. అక్కడ రాత్సదొన్ అంటే నేల కాదు, పాలన కాదు, జనం. రాజ్యానికి పాళీ రూపం 'రట్ఠ' నుంచి వచ్చిన 'రత్' వేరే ఉంది. సైనిక కుట్రకు 'రత్థప్రహాన్' అంటారు, రాష్ట్ర ప్రహారం. ఒకే మాట ఒక దారిలో ప్రజ అయింది, ఇంకో దారిలో ప్రభుత్వమయింది.

గోదారిగట్టు:
దేశమంటే మనుషులని గురజాడ చెప్పవలసివచ్చింది. అక్కడ మాటలోనే ఉంది! గురజాడ ఆ గేయంలో 'రాష్ట్రం' అనకుండా 'దేశం' ఎందుకన్నాడో ఆలోచించారా? ఆయన పదం ఎంచుకుంటే...

పాళీపంతులు:
గురజాడ గురించి మొదలుపెడితే మీరు ఆగరు. నేను చెప్పవచ్చింది వేరు. 1942లో ఇదే పిబూన్ అక్షరాలను కోసేశాడు. 44 హల్లుల్లో 13 తీసేశాడు. ట, ఠ, ఢ, ణలు, శ, ష, ళ, అన్నీ పోయాయి. అచ్చుల్లో ఋకారం, ఌకారం పోయాయి. 'రాత్సదొన్'లోని షకారం మామూలు సకారమైంది. విప్లవానికి పెట్టుకున్న పేరునే రూపం తెలియకుండా చెక్కేశాడు. 1944లో ఆయన గద్దె దిగగానే అక్షరాలన్నీ తిరిగొచ్చాయి. అరసున్న, బండి ఱ పోయినప్పుడు మనకెవరూ తిరిగి తెచ్చివ్వలేదు. నాకు ఆ బాధ ఇంకా ఉంది.

బ్యాంకాక్ తెలుగమ్మాయి:
నేను రోజూ బస్సు దిగే చోటు ఆయన కట్టించిన విజయ స్తంభం. దాని పేరు 'చై సమొరఫూమ్', జయ సమరభూమి. ఫ్రాన్సుతో పోరులో పోయినవాళ్ల పేర్లున్నాయి దాని మీద. ఆయన మాత్రం నాయకుణ్ణి నమ్మమని, 1942 జనవరిలో జపాను పక్షాన బ్రిటన్, అమెరికాల మీద యుద్ధం ప్రకటించాడు. జాతి ఏ ఆపద గట్టెక్కిందో నాకర్థం కాదు. 1948లో మళ్లీ ప్రధాని అయ్యాడు. 1951 జూన్‌లో నౌకాదళం వాళ్లు బంధించి ఒక యుద్ధనౌకలో ఉంచితే, వైమానిక దళం దాని మీదే బాంబులు వేసింది. ఈదుకుంటూ ఒడ్డు చేరాడు. ఆ ఓడ పేరు 'శ్రీ అయుధ్యా'.

పాళీపంతులు:
అయోధ్య! పోరాడి గెలవరానిది. 1957లో సైన్యాధిపతి సరిత్ కూలదోశాక జపానులో తలదాచుకున్నాడు. 1964లో అక్కడే పోయాడు.

కృష్ణాతీరం:
అవన్నీ సరే. అమ్మా, ఆ రెండు ఫొన్‌లూ మీ గొంతుతో ఒకసారి పంపుతారా?

బ్యాంకాక్ తెలుగమ్మాయి:
పంపాను. మొదటిది బలం, రెండోది గట్టెక్కడం.

గోదారిగట్టు:
తేడా స్పష్టంగా ఉంది. రెండోది ఎవరినో పిలుస్తున్నట్టుంది.

కృష్ణాతీరం:
నాలుగుసార్లు విన్నాను. నాకు రెండింటిలోనూ బలమే వినిపిస్తోంది.