బెర్లిన్‌లో శని, ఆదివారాలు, అమ్మానాన్నలతో: సలహా కావాలి

న్యూరెంబర్గ్ (కొత్త సభ్యుడు):

అందరికీ నమస్కారం. మేము జర్మనీ వచ్చి కొద్ది నెలలే అయింది. అమ్మానాన్న గుంటూరు నుంచి విజిటింగ్ మీద వచ్చారు. వచ్చే నెలలో ఒక శని, ఆదివారం వాళ్ళకి బెర్లిన్ చూపిద్దామని ఉంది. నాన్నగారికి మోకాళ్ళ నొప్పులు, పాపకి నాలుగేళ్ళు. శుక్రవారం సాయంత్రం బయల్దేరి ఆదివారం రాత్రికి ఇంటికి వచ్చేయాలి. నా ప్రశ్న ఒక్కటే. ఎక్కువ నడక లేకుండా ఏమేం చూడొచ్చు? పార్లమెంటు మీది గాజు గుమ్మటం పెద్దవాళ్ళు ఎక్కగలరా?

లైప్‌జిగ్:

తమ్ముడూ, చూసేవాటి సంగతి తర్వాత. ముందు టికెట్ల సంగతి తేల్చుకో. బెర్లిన్‌లో మెట్రోకి మన హైదరాబాద్‌లోలాగా గేట్లు ఉండవు. నేరుగా ప్లాట్‌ఫారం మీదికి వెళ్ళిపోవచ్చు, అక్కడే మనవాళ్ళు దొరికిపోతారు. మెషిన్‌లో కొన్న కాగితం టికెట్‌ని పక్కనే ఉండే చిన్న పెట్టెలో పెట్టి ముద్ర వేయించాలి. ముద్ర లేకపోతే డబ్బు కట్టి కొన్నా టికెట్ లేనట్టే. చెకింగ్ వాళ్ళు మామూలు బట్టల్లో వస్తారు, తలుపులు మూసుకున్నాక కార్డు తీస్తారు. ఫైన్ 40 యూరోలు. నీకు డాయిచ్‌లాండ్ టికెట్, అంటే దేశమంతా లోకల్ రైళ్ళకీ బస్సులకీ పనికొచ్చే నెల పాస్, ఉంటే అది నీ ఒక్కడికే. అమ్మానాన్నలకి 24 గంటల టికెట్ తీసుకో. పాపకి ఆరేళ్ళు నిండేదాకా అక్కర్లేదు.

పాంకో, బెర్లిన్:

అన్నగారూ, 40 పాత లెక్క. 2015 నుంచి 60.

న్యూరెంబర్గ్ తమ్ముడికి అసలు జవాబు: గుమ్మటం పెద్దవాళ్ళకి హాయిగా ఉంటుంది. లిఫ్ట్ పైకప్పు దాకా తీసుకెళ్తుంది. అక్కడి నుంచి గుమ్మటం లోపల గుండ్రంగా తిరిగే వాలు దారి, ఒక్క మెట్టు కూడా ఉండదు. మోకాళ్ళు సహకరించకపోతే పైదాకా వెళ్ళకుండా కింద టెర్రస్ మీదే కూర్చున్నా ఊరంతా కనిపిస్తుంది. నార్మన్ ఫోస్టర్ అనే ఆర్కిటెక్ట్ డిజైన్ చేసినది, 1999లో తెరిచారు. టికెట్ లేదు. కానీ బుండెస్టాగ్, అంటే పార్లమెంటు, సైట్‌లో ముందే పేర్లు నమోదు చేసుకోవాలి. శనివారం స్లాట్లు తొందరగా అయిపోతాయి, ఈ రాత్రే చెయ్యి. రాత్రి 9.45 దాకా లోపలికి పంపుతారు కాబట్టి ఎండ తగ్గాక సాయంత్రం స్లాట్ తీసుకుంటే మంచిది.

అసలు తిప్పలు పేర్ల దగ్గర. పాపతో సహా అందరి పేరు, పుట్టిన తేదీ ఇవ్వాలి, గేటు దగ్గర పాస్‌పోర్టుతో పోల్చి చూస్తారు. మన పెద్దవాళ్ళ పాస్‌పోర్టుల్లో ఒకరికి ఇంటిపేరు సర్‌నేమ్ గడిలో ఉంటుంది, ఒకరికి మొత్తం పేరు ఒకే గడిలో ఉండి రెండోది ఖాళీగా ఉంటుంది. ఇంట్లో ఏమని పిలుస్తారో మర్చిపోయి పాస్‌పోర్టు పక్కన పెట్టుకుని ఉన్నది ఉన్నట్టు టైప్ చెయ్యండి. వెళ్ళేటప్పుడు ఒరిజినల్స్ తీసుకెళ్ళండి, ఫోన్‌లో ఫొటోని నమ్ముకోవద్దు.

ఫ్రాంక్‌ఫర్ట్:

ఎక్కడ దిగుతున్నారో ఎవరూ అడగలేదేం? చెప్పాల్సింది అదే. పెద్దవాళ్ళు ఉన్నారు, అన్నం వండుకోవాలి అని మనవాళ్ళందరూ హోటల్ మానేసి ఫ్లాట్ చూస్తారు. మేమూ అదే చేశాం, కొన్నేళ్ళ కిందట, నాయ్‌కోల్న్ వైపు. ప్రకటనలో ఆరుగురికి సరిపోతుందని రాసి ఉంది. వెళ్ళాక ఓనర్ మా చంటివాణ్ణి చూసి, ఇతనికి కూడా గెస్ట్ లెక్కే అని రోజుకి ఇంత అని అదనంగా అడిగాడు. పాలు తాగే పిల్లవాడు! సరేలే, పండగ పూట గొడవెందుకని ఇచ్చాను. డిపాజిట్ 250 యూరోలు అప్పటికే కట్టి ఉన్నాం.

మా ఆవిడకి ఒక అలవాటు. ఏ ఇంట్లో దిగినా సామాను విప్పకముందే ఫోన్ పట్టుకుని గది గదీ వీడియో తీస్తుంది. వంటింట్లో తెల్ల బల్ల మీద పళ్ళ గిన్నె ఒకటి ఉంటే దాన్ని కూడా ఎత్తి చూపించింది. కింద పసుప్పచ్చటి మరక, అరచేయంత. ఆ గిన్నె అక్కడెందుకు పెట్టారో అప్పుడే అర్థమైంది. మేము వండింది అన్నం, పెరుగు, తెచ్చుకున్న పచ్చళ్ళు, అంతే. స్టవ్ మీద పోపు కూడా పెట్టలేదు.

ఇంటికొచ్చిన మర్నాడు మెయిల్. మీరు భారతీయ వంట చేశారు, పసుపు మరక పోవడం లేదు, బల్ల పైభాగం మార్చాలి, డిపాజిట్ ఇవ్వను. వీడియో పంపాను. దానికి జవాబు, వీడియో ఎప్పుడు తీశారో ఎవరికి తెలుసు అని. తేదీ, టైం కనిపించేలా మళ్ళీ పంపాను. జవాబు లేదు. అప్పుడు మా ఆఫీసులో బెర్లిన్ అతను ఒకడు అన్నాడు, వాళ్ళ రిజిస్ట్రేషన్ నంబర్ అడుగు అని. బెర్లిన్‌లో ఇళ్ళని ఇలా టూరిస్టులకి ఇవ్వాలంటే ఆ ఏరియా ఆఫీసు దగ్గర అనుమతి, నంబర్ ఉండాలి, ప్రకటనలో ఆ నంబర్ కనిపించాలి. 2018 ఆగస్టు నుంచి అది రూలు. జరిమానా 5 లక్షల యూరోల దాకా ఉంటుంది. మా ఓనర్ ప్రకటనలో నంబర్ లేదు. ఒకే ఒక్క వాక్యం రాశాను: మీ రిజిస్ట్రేషన్ నంబర్ దయచేసి పంపగలరా? నంబర్ రాలేదు. డిపాజిట్ మాత్రం మొత్తం వచ్చింది, చంటివాడి డబ్బుతో సహా.

కాబట్టి తమ్ముడూ, బుక్ చేసేముందు నంబర్ ఉందో లేదో చూడు. తర్వాతే కిటికీలోంచి ఏం కనిపిస్తుందో చూసుకో.

పాంకో, బెర్లిన్:

బాబాయ్ గారూ, మీ డబ్బు మీకు వచ్చింది, సంతోషం. కానీ నంబర్ లేదని తెలిసి కూడా ఫిర్యాదు చేయకుండా డబ్బు తీసుకుని ఊరుకున్నారు. ఇక్కడ అద్దె ఇల్లు దొరక్క మేం ఎంత అవస్థ పడుతున్నామో మీకు ఫ్రాంక్‌ఫర్ట్‌లో తెలీదు. ఒక ఇల్లు చూడ్డానికి మెట్ల మీద క్యూలో నిలబడ్డాం. ఆ రూలు పెట్టిందే అందుకు.

ఫ్రాంక్‌ఫర్ట్:

ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఇళ్ళేమైనా చెట్లకి కాస్తున్నాయా అమ్మా? పోలీసుగిరీ చేయడానికి వెళ్ళలేదు నేను, సెలవుకి వెళ్ళాను.

డ్రెస్డెన్:

ఇద్దరూ ఆగండి. పిల్లవాడు మోకాళ్ళ గురించి అడిగాడు.

100 నంబర్ బస్సు ఎక్కండి. జూ స్టేషన్ దగ్గర మొదలై అలెగ్జాండర్‌ప్లాట్జ్ దాకా వెళ్తుంది. విజయ స్తంభం, పార్లమెంటు, బ్రాండెన్‌బుర్గ్ గేటు పక్క, ఉంటర్ డెన్ లిండెన్ రోడ్డు, మ్యూజియం ఐలాండ్, అన్నీ దారిలోనే. గోడ కూలాక 1990లో తూర్పునీ పడమరనీ కలుపుతూ వేసిన రూటు. మామూలు టికెట్‌తో అయిపోతుంది, ఆ ఎర్ర టూరిస్టు బస్సులకి మనిషికి అంత పోయడం దండగ. రెండంతస్తుల బస్సు వస్తే మనవరాలిని తీసుకుని తాతగారు పైన ముందు సీట్లో కూర్చోవాలనుకుంటారు. మెట్లు ఇరుకు, బస్సు కదలకముందే ఎక్కించండి. ఆదివారం పెర్గమాన్ మ్యూజియం చూపించండి, బాబిలోన్ గేటు చూసి తీరాలి. నెలలో మొదటి ఆదివారం అయితే మ్యూజియాలు ఉచితం కూడా.

పాంకో, బెర్లిన్:

పెర్గమాన్ 2023 అక్టోబరు నుంచి పూర్తిగా మూసి ఉంది అన్నగారూ. మరమ్మతులు. ఒక భాగం 2027లో తెరుస్తామంటున్నారు. ఉచిత ఆదివారం 2024 చివరితో ఆపేశారు, ప్రభుత్వం దగ్గర డబ్బుల్లేవట. పక్కనే నోయెస్ మ్యూజియం ఉంది, నెఫర్టీటి తల అక్కడే. ఆ గదిలో ఫొటో తీయనివ్వరు, అమ్మగారికి ముందే చెప్పండి. పద్దెనిమిది లోపు పిల్లలకి టికెట్ లేదు.

డ్రెస్డెన్:

సరే, నేను చూసినప్పుడు తెరిచే ఉంది. అయితే దాని ఎదురుగా ప్యాలెస్ దగ్గర, అదే హుంబోల్ట్ ఫోరం, బయట సాంచి తోరణం పెట్టారు, రాతి నకలు. దాదాపు పది మీటర్ల ఎత్తు. నాన్నగారికి తప్పకుండా చూపించండి. మన శాతవాహనుల తోరణం, శాతకర్ణి శాసనం ఉన్నది. బెర్లిన్ నడిబొడ్డున మన రాజు పేరు!

పోట్స్‌డాం:

శాతకర్ణి పేరున్న శాసనం సాంచిలో దక్షిణ తోరణం మీద ఉంది. బెర్లిన్‌లో పెట్టింది తూర్పు తోరణం నకలు. చూడాల్సిందే, కానీ మన రాజు పేరు వెతుకుతూ పెద్దాయన మెడ నొప్పి తెచ్చుకుంటారు.

డ్రెస్డెన్:

నాలుగు తోరణాలూ ఒకే కాలంవి, ఒకే శైలి. మీరు మరీ వెంట్రుకలు చీలుస్తారు.

హానోవర్:

ఇంకోటి ఎవరూ చెప్పలేదు. అమ్మానాన్నలు ఊరి నుంచి తెచ్చుకున్న సంచులు ఒకసారి చూడండి. పెళ్ళిళ్ళలో తాంబూలంతో ఇచ్చే గుడ్డ సంచులు ఉంటాయి చూశారా, ఒకవైపు వధూవరుల పేర్లు, ఇంకోవైపు ఎర్రగా స్వస్తిక్. మా అత్తగారు నీళ్ళ సీసాలూ బిస్కెట్లూ అందులోనే సర్దుకుని బయల్దేరారు, గుమ్మం దగ్గర నేను చూశాను కాబట్టి సరిపోయింది. ఇక్కడ ఆ గుర్తు బయట చూపించడం నాజీల కారణంగా నేరం. పూజకి వాడేది వేరు అని మనకి తెలుసు, చట్టం తెలిసినవాళ్ళకీ తెలుసు. కానీ యూదుల స్మారకం దగ్గర ఆ సంచి పట్టుకుని నిలబడితే ఎవరికని వివరిస్తాం? బ్రాండెన్‌బుర్గ్ గేటు నుంచి అది నాలుగు అడుగులే. 2,711 కాంక్రీటు దిమ్మెలు. పిల్లలు చూడగానే ఎక్కి దూకాలనుకుంటారు. పాప చెయ్యి వదలొద్దు, అక్కడ నవ్వుతూ కుటుంబం ఫొటోలు వద్దు. నాన్నగారికి ముందు రాత్రే అది ఏమిటో చెప్పండి.

లైప్‌జిగ్:

మంచి మాట. ఇక రైలు సంగతి, నేను మొదట్లోనే చెప్పాల్సింది. న్యూరెంబర్గ్ నుంచి ఐసీఈలో, అంటే హైస్పీడ్ రైల్లో, మూడు గంటలు. డాయిచ్‌లాండ్ టికెట్ ఐసీఈలో చెల్లదు, దాన్ని నమ్ముకుని ఎక్కకు. చవక టికెట్ కొంటే ఆ రైలుకే వెళ్ళాలి. కానీ గమ్యానికి 20 నిమిషాల కంటే ఎక్కువ ఆలస్యమయ్యేలా ఉంటే వేరే రైలు ఎక్కొచ్చు. గంట దాటి ఆలస్యమైతే నాలుగో వంతు, రెండు గంటలు దాటితే సగం డబ్బు వెనక్కి వస్తుంది, అడగాలి అంతే. సీటు రిజర్వేషన్ విడిగా చేయించు. శుక్రవారం సాయంత్రం పెద్దవాళ్ళని తలుపు దగ్గర సూట్‌కేసు మీద కూర్చోబెట్టిన కుటుంబాలు ఎన్నో చూశాను.

పోట్స్‌డాం:

ఆదివారానికి నా మాట వినండి. బెర్లిన్‌లోనే తిరగకుండా పొద్దున్నే పోట్స్‌డాం రండి. సాన్సూసీ ప్యాలెస్ తోట ఉచితం, లోపలికి టికెట్ కొనక్కర్లేదు, తోటే చాలు. పైన టెర్రస్ మీద ఫ్రెడరిక్ ది గ్రేట్ సమాధి, నేల మట్టాన ఒక పలక. దాని మీద ఎప్పుడూ పచ్చి బంగాళాదుంపలు ఉంటాయి. ఆయన జనం చేత బంగాళాదుంప పండించాడని వచ్చినవాళ్ళు తెచ్చి పెడతారు. పెద్దవాళ్ళకి ఇది భలే నచ్చుతుంది. టెర్రస్ మెట్లు కింద నుంచి ఎక్కొద్దు, వందకి పైనే ఉంటాయి. ప్యాలెస్ వెనకవైపు బస్సు దిగితే నేరుగా పైకే వస్తారు.

తిరిగి వచ్చేటప్పుడు వాన్‌జే స్టేషన్‌లో దిగి ఎఫ్10 ఫెర్రీ ఎక్కండి. సరస్సు మీద పడవ, మామూలు సిటీ టికెట్ సరిపోతుంది. పాపకి బెర్లిన్ మొత్తంలో అదొక్కటే గుర్తుంటుంది, కావాలంటే రాసి పెట్టుకోండి.

న్యూరెంబర్గ్ (కొత్త సభ్యుడు):

అందరికీ చాలా థాంక్స్. గుమ్మటం శనివారం సాయంత్రం 6.30కి దొరికింది. పేర్లు పాస్‌పోర్టు చూసి టైప్ చేశాను, నాన్నగారిది నిజంగానే సర్‌నేమ్ గడి ఖాళీ. ఫ్లాట్ వద్దనుకుని హోటల్ తీసుకున్నాం. బిల్లులో సిటీ ట్యాక్స్ అని 7.5 శాతం వేస్తున్నారు, అది మామూలేనా? ఇంకో సందేహం. నాన్నగారు బంగాళాదుంప ఇక్కణ్ణుంచే తీసుకెళ్ళాలా, అక్కడ కొనుక్కోవచ్చా అని అడుగుతున్నారు.

పాంకో, బెర్లిన్:

ట్యాక్స్ మామూలే. 2025 జనవరి దాకా 5 శాతం ఉండేది.

పోట్స్‌డాం:

ఇంటి నుంచే తెచ్చుకోండి. ఆదివారం షాపులన్నీ మూసేస్తారు.

ఫ్రాంక్‌ఫర్ట్:

బెర్లిన్ హౌప్ట్‌బాన్‌హోఫ్ (మెయిన్ స్టేషన్) లోపల సూపర్ మార్కెట్ ఆదివారం కూడా ఉంటుంది. పాపకి పాలూ పెరుగూ అక్కడే దొరుకుతాయి. క్యూ మాత్రం తిరుపతి దర్శనమే. ఒక్క దుంప కోసం నిలబడొద్దు.

లైప్‌జిగ్:

బంగాళాదుంప సరే. బెర్లిన్ టికెట్లకి ఏ, బీ, సీ అని మూడు జోన్లు ఉంటాయి, పోట్స్‌డాం సీ జోన్‌లో ఉందని ఎవరైనా చెప్పారా ఈ పిల్లవాడికి? అమ్మానాన్నలకి ఏబీ టికెట్ పనికిరాదు, ఏబీసీ తీసుకోవాలి. ముద్ర మర్చిపోకు.