పరాయి దేశంలో నలుగురు దగ్గరవ్వాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: కొత్త దేశం వచ్చి నాలుగు నెలలైంది. బయటి దేశాలవాళ్లు కలిసే మీటప్‌లకు ఆరుసార్లు వెళ్లినా ప్రతిసారీ కొత్త ముఖాలే, మళ్లీ అవే పరిచయాలు. స్థానిక భాష అంతంతమాత్రం. వారానికి ఎంత టైం పెడితే ఎన్నాళ్లకు స్నేహాలు కుదురుతాయి?

జవాబు 1: లోపం మీలో లేదండీ, ఎంచుకున్న చోటులో ఉంది. పెద్ద మీటప్‌లో ఈసారి కలిసినవాళ్లు వచ్చేసారి ఉండరు. స్నేహానికి అదే మనిషి పదేపదే కనబడాలి. కాన్సాస్ యూనివర్సిటీ ప్రొఫెసర్ జెఫ్రీ హాల్ 2018లో వేసిన లెక్క ప్రకారం ముఖపరిచయం మామూలు స్నేహం కావడానికి సుమారు 50 గంటలు కావాలి, మంచి స్నేహానికి 90, ప్రాణస్నేహానికి 200 పైనే. ఆఫీసులో పక్కపక్కన పనిచేసిన గంటలు ఇందులో పెద్దగా కలిసిరావు. వారానికి రెండు గంటల క్లాసైతే 50 గంటలకు ఆరు నెలలు పడుతుంది. క్లాసయ్యాక ఇంకో గంటన్నర కూర్చుని కబుర్లాడితే నాలుగు నెలల్లోపే.

కాబట్టి వారంవారం అదే రోజు జరిగేది, పది పదిహేనుమందికి మించనిది, చేతికి పని ఉండేది చూసుకోండి: బృందగానం, కుండల తయారీ, బోర్డ్ గేమ్స్, ఏదైనా సరే. రెండు చాలు, ఐదింట్లో చేరితే ఏదీ నిలవదు. ఎనిమిది వారాలు మానకండి. చాలామంది మూడో వారంలో మానేస్తారు, సరిగ్గా ముఖాలు గుర్తుపట్టడం మొదలయ్యే వేళకి.

జవాబు 2: భాష రానప్పుడు కబుర్లకన్నా బాధ్యత తీసుకోవడం తేలిక. వారంవారం పార్కులో అందరూ కలిసి పరుగెత్తే పార్క్‌రన్ చాలా దేశాల్లో ఉంది: 5 కిలోమీటర్లు, ఉచితం, నడిచినా ఫర్వాలేదు. అక్కడ వాలంటీరుగా, పరుగెత్తినవాళ్ల బార్‌కోడ్ స్కాన్ చేసే పని అడగండి. ముగించిన ప్రతి మనిషీ టోకెన్ పట్టుకుని మీ ముందుకే వస్తారు, రెండు మాటలు వాటంతటవే దొర్లుతాయి. ప్రసంగాలు సాధన చేసే టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బులో టైమర్ పని కూడా అలాంటిదే. 5 నుంచి 7 నిమిషాల ప్రసంగానికి ఐదు నిమిషాలకు ఆకుపచ్చ రంగు, ఆరుకు పసుపు, ఏడుకు ఎరుపు చూపించాలి, అంతే. ఒక్కటి మాత్రం మరవద్దు: కొన్ని వీసాల్లో జీతం లేని పనికి కూడా ఆంక్షలుంటాయి. ముందు మీ వీసా షరతులు చదవండి.

జవాబు 3: "ఎప్పుడైనా కలుద్దాం" అన్న మెసేజ్‌కి "తప్పకుండా" అని జవాబొస్తుంది, కథ అక్కడితో సరి. పరిచయమైన రెండు రోజుల్లోపు ఇలా పంపండి: "శనివారం పదకొండింటికి లైబ్రరీ దగ్గర కాఫీకి వెళ్తున్నా, ఒక గంట. వస్తారా?" ఎలాగూ వెళ్తున్నానంటే అవతలివాళ్లకి మొహమాటం ఉండదు. కుదరదంటే మూడు వారాలాగి ఇంకోసారి అడగండి.

ఒకరి భాష ఒకరికి నేర్పుకునే భాషా మార్పిడికి ఫోన్‌లో టైమర్ పెట్టండి, మీ భాషకి 30 నిమిషాలు, వాళ్ల భాషకి 30. లేకపోతే ఇద్దరికీ బాగా వచ్చిన భాషలోకే జారిపోతారు.

జవాబు 4: మన భాషవాళ్లను వదులుకోవద్దు. జ్వరమొచ్చిన రాత్రి, అద్దె కాగితాల దగ్గర ముందు వాళ్లే అక్కరకొస్తారు. కానీ స్నేహితులంతా కాంట్రాక్టు మీద వచ్చినవాళ్లే అయితే, వాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయాక మీరు మళ్లీ మొదటికొస్తారు. ఇద్దరు ముగ్గురైనా ఆ ఊళ్లో స్థిరపడ్డవాళ్లు ఉండేలా చూసుకోండి.

ప్రశ్న అడిగినవారు: సెలవుల్లో క్లాసులు ఆగిపోతే?

జవాబు 1: అక్కడే చాలా పరిచయాలు తెగుతాయి. ఆఖరి క్లాసుకు రెండు వారాల ముందే వాట్సాప్ గ్రూపు పెట్టి, సెలవుల్లో కలిసే తేదీ ఒకటి అందులోనే ఖాయం చేయండి.