సీబెక్ లెక్కకూ కొలతకూ పొంతన లేదు, ఏది నమ్మాలి?

గుంటూరబ్బాయి_బెంగళూరు: నమస్తే అండి. పీహెచ్‌డీ రెండో ఏడు. స్ట్రాన్షియం టైటనేట్‌లో 5 శాతం స్ట్రాన్షియం బదులు లాంథనం వేసి, పెల్లెట్లు ఆర్గాన్-హైడ్రోజన్‌లో కాల్చాను. బోల్ట్జ్‌ట్రాప్ (బ్యాండ్ల నుంచి ఇలాంటి విలువలు లెక్కగట్టే ప్రోగ్రామ్) లెక్కలో వచ్చినంత సీబెక్ (ఒక్కో డిగ్రీ వేడి తేడాకు పుట్టే వోల్టేజీ) కొలతలో రావడం లేదు. కండక్టివిటీ అయితే మరీ తక్కువ. వచ్చే వారం గ్రూప్ మీటింగ్, టెన్షన్‌గా ఉంది.

క్వాంటమ్_కుర్రాడు: లెక్కలో పీబీఈ (మామూలుగా వాడే డీఎఫ్‌టీ ఉజ్జాయింపు) వాడావా? బ్యాండ్ గ్యాప్ 1.8 ఎలక్ట్రాన్ వోల్టులే ఇస్తుంది, అసలుది 3.2. హైబ్రిడ్ ఫంక్షనల్‌తో (గ్యాప్ మెరుగ్గా ఇచ్చే పద్ధతి) మళ్లీ చెయ్యి బ్రో.

ఫర్నేస్_అక్క (చెన్నై): గ్యాప్ మాట నిజమే, కానీ ఇక్కడ తేడా దాని వల్ల కాదు. ఇంత డోపింగ్‌కి ఫెర్మి లెవెల్ (ఎలక్ట్రాన్లు నిండిన ఎత్తు) కండక్షన్ బ్యాండ్‌లోనే ఉంటుంది.

తమ్ముడూ, ముందు హాల్ కొలత (కరెంటు మోసే ఎలక్ట్రాన్లు, అంటే క్యారియర్లు, ఎన్నో చెప్పేది) చేయించు. లాంథనం మొత్తం లాటిస్‌లోకి (స్ఫటికపు అమరికలోకి) వెళ్తే ఘన సెంటీమీటరుకు సుమారు 8.4×10²⁰ ఎలక్ట్రాన్లు రావాలి. లెక్కలో నువ్వు పెట్టింది అదే అయ్యుంటుంది. కానీ హైడ్రోజన్‌లో కాల్చావు కదా, ఆక్సిజన్ కొంత పోతుంది. పోయిన ప్రతి ఆక్సిజనూ రెండేసి ఎలక్ట్రాన్లు వదిలిపోతుంది. క్యారియర్లు పెరిగాయా, సీబెక్ పడిపోతుంది. హాల్‌లో వచ్చిన అంకె దగ్గర లెక్క ఏం చెబుతోందో చూడు.

కండక్టివిటీ సంగతి వేరు. బోల్ట్జ్‌ట్రాప్ ఇచ్చేది కండక్టివిటీని రిలాక్సేషన్ టైమ్‌తో (టౌ, ఎలక్ట్రాన్ ఒక ఢీకీ ఇంకో ఢీకీ మధ్య సగటు సమయం) భాగించిన విలువ. చాలామంది అక్కడ 10⁻¹⁴ సెకన్లు వేసేస్తారు. అది నీ పెల్లెట్‌ది కాదు. నువ్వు కొలిచిన కండక్టివిటీని బోల్ట్జ్‌ట్రాప్ ఇచ్చిన విలువతో భాగిస్తే నీ పెల్లెట్ టౌ వస్తుంది. టెంపరేచర్‌తో అది ఎలా మారుతోందో మీటింగ్‌లో చూపించు, ఎవరైనా కూర్చుని వింటారు.

ఆర్కిమెడిస్ డెన్సిటీ (ద్రవంలో ముంచి తూచి కొలిచే సాంద్రత) ఎంత? ఒక పెల్లెట్ విరిచి చూడు. అంచు లేతగా, మధ్యలో నల్లగా ఉంటే చల్లారేటప్పుడు పైపొరలోకి ఆక్సిజన్ తిరిగి ఎక్కినట్టే.

ఏది నమ్మాలి అని అడగకు, రెండూ ఒకే శాంపిల్ గురించి మాట్లాడేలా చెయ్యి. మీ ఊళ్లోనే, జక్కూరు జేఎన్‌సీఏఎస్‌ఆర్ (జవహర్‌లాల్ నెహ్రూ పరిశోధన కేంద్రం) వాళ్లు 2021లో సిల్వర్ యాంటిమొనీ టెల్యురైడ్‌కి కాడ్మియం కలిపి 573 కెల్విన్ దగ్గర జెడ్‌టీ (వేడిని కరెంటుగా మార్చే సత్తాకి కొలమానం) 2.6 సాధించారు. కాడ్మియంతో పరమాణువుల అమరిక క్రమంలో పడుతుందని లెక్కా చెప్పింది, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపూ చూపించింది. ఆ పేపర్ తప్పకుండా చదువు.

గుంటూరబ్బాయి_బెంగళూరు: అక్కా, ఇప్పుడే విరిచాను. అంచు బూడిద రంగు, మధ్యలో నలుపు! అదే బ్యాచ్‌లో ఇంకోటి ఉంది, పైపొర ఎమరీతో రుద్దేసి కొలుస్తా. హాల్‌కి గురువారం స్లాట్ దొరికింది.

ఫర్నేస్_అక్క (చెన్నై): రుద్దాక మందం మళ్లీ కొలువు. హాల్‌కీ రెసిస్టివిటీకీ అదే అంకె కావాలి.