అప్‌డేట్: లైబ్రరీ పని రెజ్యూమేలో పనికొచ్చింది

శ్రీకాకుళంలో డిగ్రీ చదువుతూ కాలేజీ లైబ్రరీలో రోజుకు రెండు గంటలు పనిచేశాను, దాన్ని అనుభవంగా చూపించవచ్చా అని మార్చిలో అడిగాను కదా. ఉద్యోగం వచ్చింది. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

"లైబ్రరీ అసిస్టెంట్ అని రాసి వదిలేయకు, ఏం చేశావో రాయి" అన్న మాటే పనిచేసింది. కోహా అనే లైబ్రరీ సాఫ్ట్‌వేర్‌లో ఎంట్రీలు, బార్‌కోడ్లు అతికించడం, పుస్తకాలను డ్యూయీ నంబర్ల (సబ్జెక్టును బట్టి ఇచ్చే నంబర్లు) ప్రకారం సర్దడం, ఏడాదికోసారి స్టాక్ వెరిఫికేషన్ అని విడివిడిగా రాశాను. విశాఖలో ఇంటర్వ్యూ చేసినాయన నేరుగా అక్కడికే వచ్చారు: "రిజిస్టర్‌లో ఉండి ర్యాక్‌లో లేని పుస్తకాన్ని ఎలా వెతికేదానివి?"

ముందు రిటర్న్ ట్రే, తర్వాత దగ్గర్లో ఉండే నంబర్లు చూసేదాన్నని చెప్పాను. 510లో ఉండాల్సిన లెక్కల పుస్తకం ఒకటి 570లో, జీవశాస్త్రం మధ్య దొరికిన సంగతీ చెప్పాను. ఆయన నవ్వి, "గోడౌన్‌లో సరుకు కూడా అంతేనమ్మా" అన్నారు. అది ఇన్వెంటరీ పోస్టు మరి.

సర్టిఫికెట్ లేదని నేను పడ్డ టెన్షన్ దండగ, ఎవరూ అడగలేదు. మేడమ్ రాసిచ్చిన లెటర్ ఫైల్లోంచి బయటికే రాలేదు. ఇంగ్లిష్ తడబడింది, దాన్నీ పట్టించుకోలేదు. ఫైన్ కట్టనని గొడవపడే సీనియర్లకు ఎలా నచ్చజెప్పేదాన్నో మాత్రం పది నిమిషాలు అడిగారు. సోమవారం జాయినింగ్.