కమాన్ పట్టీ గొడ్డలిని నీళ్లలో ముంచాలా, నూనెలోనా?

మిర్యాలగూడ రైతు:
పాత లారీ కమాన్ పట్టీతో, అంటే బండి బరువు మోసే స్ప్రింగు పట్టీతో, గొడ్డలి చేయించుకున్నాను. కమ్మరి ఎర్రగా కాల్చి నీళ్ల తొట్టిలో ముంచారు, తరువాత టెంపర్ కూడా దించారు, అంటే పెళుసుదనం తగ్గడానికి మళ్లీ కొద్దిగా వేడి చేశారు. సాన పట్టేటప్పుడు అంచున వెంట్రుకవాసి పగులు బయటపడింది. నూనెలో ముంచవలసిందని మా బావగారు అంటున్నారు, తాతల నాటి నుంచి నీళ్లే వాడుతున్నామని కమ్మరి అంటున్నారు. ఎవరి మాట వినాలి?

దేవరకొండ కొలిమి:
నేను నీళ్ల పక్షమే. రాయి కొట్టే ఉలులకు మా దగ్గర నూనె వాడరు. కొనను కాల్చి, అంగుళం మేర నీళ్లలో ఉంచి తీసి, వెంటనే ఇసుకరాయితో రుద్ది మెరిపిస్తే, పైనున్న వేడి కొనవైపు దిగుతున్నకొద్దీ ఆ మెరుపు మీద ముందు ఎండుగడ్డి రంగు, తరువాత గోధుమ, ఆపైన ఊదా, చివరకు నీలం నడుచుకుంటూ వస్తాయి. ఊదా తొంగిచూడగానే ఉలిని మొత్తం ముంచేస్తాము. గడ్డి రంగులోనే ఆపితే కొన పెళుసుగా రాలుతుంది, నీలం రానిస్తే మెత్తబడి రాయి మీద మడత పడుతుంది. ఈ రంగులు నీడలోనే చూడాలి, ఎండలో కన్ను మోసపోతుంది.

మహబూబ్‌నగర్ పాలిటెక్నిక్ వర్క్‌షాపు:
అన్నగారు చెప్పిన పద్ధతిలో లోపమేమీ లేదు, కానీ ఉలిని తెచ్చి గొడ్డలికి సాక్ష్యం పెట్టడం సరికాదు. ఉలిలో గట్టిపడేది కొన మాత్రమే, పైగా దానిలో మిగిలిన వేడే కాసేపట్లో పెళుసుదనాన్ని తగ్గించేస్తుంది. గొడ్డలికి అంచు పలచన, వెనుక భాగం మందం. నీళ్లలో అంచు ముందే బిగుసుకుపోతుంది, మందపు భాగం మాత్రం ఇంకా చల్లబడుతూ దానిని లాగుతుంది, ఆ లాగుడుకే పగులు పుడుతుంది. కమాన్ పట్టీలో కార్బన్ సాధారణంగా 0.5 నుంచి 0.65 శాతం, తోడుగా సిలికాన్, క్రోమియం వంటివి ఉంటాయి గనుక అది నూనెలోనే చాలినంత గట్టిపడే ఉక్కు. ఉక్కు అయస్కాంతానికి అంటడం మానేది సుమారు 770 డిగ్రీల దగ్గర. అక్కడి నుంచి మరికొంత కాల్చి, 50–60 డిగ్రీలకు వెచ్చబెట్టిన పల్లి నూనెలో ముంచి, తరువాత ఊదా దాటి నీలం వచ్చేదాకా, అంటే 280–300 డిగ్రీల వరకు, మళ్లీ వేడి చేయాలి. వాడేసిన ఇంజిన్ ఆయిల్ జోలికి పోవద్దు, ఆ పొగ మంచిది కాదు. నూనె అంటుకుంటే కప్పడానికి రేకు మూత పక్కనే ఉండాలి.

దేవరకొండ కొలిమి:
బకెట్టెడు పల్లి నూనె ధర మీ జీతానికి ఆనదు గాని, గొడ్డలి కూలికి ఆనుతుంది సార్.

మహబూబ్‌నగర్ పాలిటెక్నిక్ వర్క్‌షాపు:
ఒకసారి కొన్న నూనె చాలా పనిముట్లకు వస్తుంది. ఇక తాతల మాటకొస్తే, వారు మెత్తని ఇనుముకు అంచున ఉక్కు అతికేవారు. వేరే లోహాలు కలపని ఆ ఉక్కుకు నీళ్లే తగినవి.

దేవరకొండ కొలిమి:
అది ఒప్పుకుంటాను. అయినా ఈ పగులు నీళ్ల వల్లే వచ్చిందని ఎలా అంటారు? ఏళ్ల తరబడి బరువు మోసిన పట్టీలో కంటికి కనబడని పగుళ్లు ముందే ఉంటాయి. రైతు గారు ఆ గొడ్డలిని పగులు వెంట విరగ్గొట్టి లోపల చూడాలి. ఎర్రగా కాలిన ఇనుము మీద కట్టే నల్లని పొక్కు పేరుకుని ఉంటే కొలిమికి రాకముందే ఉన్న పగులు, లేదా కాల్చి సాగగొట్టేటప్పుడు పడినది. టెంపర్ రంగు, అంటే నేను పైన చెప్పిన గడ్డి, ఊదా, నీలం వంటిది మాత్రమే పట్టి ఉంటే ముంచినప్పుడు వచ్చినది, అప్పుడు సార్ గెలిచినట్టే.