గ్రీసు 2015లో యూరో వదిలేయాల్సిందా?

అమలాపురం కుర్రాడు:
2015 జూలై 5న గ్రీసు జనంలో 61 శాతం అప్పిచ్చినవాళ్ల షరతులు వద్దని ఓటేశారు. పది రోజులు తిరక్కుండానే ప్రభుత్వం గట్టి షరతులకే తలొగ్గింది. యూరో వదిలేసి యూరోకి ముందు వాడిన సొంత డబ్బు డ్రాక్మా అచ్చేసుకుంటే పింఛన్లు కోసే పని తప్పేది కదా? 1991లో మనం రూపాయి విలువ తగ్గించుకున్నాం, గట్టెక్కాం.

భీమవరం చెరువుగట్టు:
తమ్ముడూ, మనకి అప్పటికే సొంత రూపాయి ఉంది. గ్రీసు లేని డబ్బుని కొత్తగా పుట్టించాలి. రేపు డ్రాక్మా వస్తుందని తెలిస్తే ఇవాళే జనం బ్యాంకుల మీద పడతారు. డ్రాక్మా రాకుండానే ఆ జూన్ ఆఖర్లో బ్యాంకులు మూసేసి ఏటీఎంలో రోజుకి 60 యూరోలే ఇచ్చారు, ముసలాళ్లు పింఛను కోసం బ్యాంకుల ముందు పడిగాపులు పడ్డారు.

అసలు చిక్కు అప్పు దగ్గరుంది. 2012 దాకా గ్రీసు బాండ్లు, అంటే సర్కారు రాసిచ్చిన అప్పు పత్రాలు, చాలావరకు ఆ దేశ చట్టం కిందే ఉండేవి, పార్లమెంటు తలుచుకుంటే వాటిని డ్రాక్మాల్లోకి మార్చే వీలుండేది. ఆ ఏడాది బాండ్లు మార్చినప్పుడు కొత్తవి ఇంగ్లండు చట్టం కిందకి పోయాయి. ఇక యూరోల్లో తీర్చాల్సిందే. కువైట్‌లో దినార్లలో అప్పు చేసి ఇంటికొచ్చేసి, ఇక్కడి కూలి డబ్బుతో తీర్చాలంటే ఎలా ఉంటుందో కోనసీమ వాడివి నీకు వేరే చెప్పాలా?

డబ్బు విలువ పడితే ఎగుమతులు పెరుగుతాయంటారు. నేను రొయ్యలు పెంచుతున్నాను. డాలరు పెరిగినప్పుడు ఆ లాభం చాలాసార్లు మా గట్టు దాకా రాదు, మేత రేటు, డీజిలు రేటు మాత్రం ముందే ఎక్కి కూర్చుంటాయి. గ్రీసు చమురు దాదాపు అంతా బయటినుంచే కొంటుంది. పింఛను కోయకపోయినా దానికి సగం సరుకులే వస్తే అది కోత కాదా?

అత్తిలి మాస్టారు:
మరి యూరోలో ఉండి ఏం బావుకున్నారండి? 2013లో నిరుద్యోగం 27 శాతం దాటింది, ఆర్థిక వ్యవస్థ పావు వంతు కుంగిపోయింది. కోతల దెబ్బని తక్కువ అంచనా వేశామని అప్పిచ్చినవాళ్లలో ఒకటైన ఐఎంఎఫే (అంతర్జాతీయ ద్రవ్య నిధి) ఆ ఏడాది ఒప్పుకుంది. కుర్రాళ్లంతా పొట్ట చేతపట్టుకుని జర్మనీ పోయారు.

భీమవరం చెరువుగట్టు:
అక్కడ నేనూ మీ మాటేనండి, ఆ కోతలు అన్యాయం. 2010లోనే అప్పు కొట్టేయాల్సింది, లేదా బాండ్లు వాళ్ల చట్టం కింద ఉండగానే బయటికి రావాల్సింది. కానీ కుర్రాడు అడిగింది 2015 గురించి. అప్పుడు వదిలేస్తే ఆ ముసలాళ్లు బ్యాంకు ముందు ఇంకెన్ని నెలలు నిలబడేవారో చెప్పండి మాస్టారూ.